సగం జీతం నెల

మంగళవారం, రాత్రి

పొద్దున్నుంచి సన్నటి వాన. డ్యూటీ దిగాక రెండు గంటలు మా ఉద్యోగుల సంఘం యూనిసన్ బ్రాంచి ఆఫీసులో, డబ్బుకి ఇబ్బందిపడే సభ్యుల సాయం దరఖాస్తులతోనే గడిచింది. ఎవరివో, ఏ వార్డువో ఇక్కడ రాయకూడదు. సంక్షేమ బాధ్యత చూసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది గుట్టు దాచడం. పని ఎలా జరుగుతుందో మాత్రం రాసిపెడుతున్నాను, రేపు ఈ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం.

యూనిసన్ 1993లో మూడు సంఘాలు కలిసి ఏర్పడింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు, స్థానిక కౌన్సిళ్లు, బడులు, వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్‌లు, ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్ల సంఘం. దాని పక్కనే 'దేర్ ఫర్ యూ' అని ఒక సేవానిధి ఉంది. సంఘం డబ్బు వేరు, నిధి డబ్బు వేరు. సమ్మెలో పోయిన జీతానికి నిధిని అడగకూడదు, దానికి సంఘం దగ్గర వేరే దారి ఉంది. నిధి ఇచ్చేది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఈ ఒక్క మాట విన్నాకే చాలామంది నోరు విప్పుతారు.

మన తెలుగు నర్సులు, కేరర్ల భయం ఇంకోటి. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదని ఉంటుంది కదా, సాయం తీసుకుంటే వీసా పోతుందేమోనని. ఆ మాట ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు లాంటి వాటికి. సేవానిధి ఇచ్చేది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు సాయమూ రాదు. జబ్బు పడితే యజమాని ఇచ్చే సిక్ పే కూడా పబ్లిక్ ఫండ్స్ కాదు. ఇది తెలియక పస్తులున్నవాళ్లు ఉన్నారని తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇబ్బంది ఎక్కువగా మొదలయ్యేది జబ్బుతోనే. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఒప్పందం ప్రకారం జబ్బు సెలవులో మొదటి ఏడాది సర్వీసులో ఉన్నవాళ్లకి ఒక నెల పూర్తి జీతం, రెండు నెలలు సగం. అయిదేళ్లు దాటితే ఆరు నెలలు పూర్తి, ఆరు నెలలు సగం. చాలా ప్రైవేటు కేర్ హోమ్‌లలో ఇదీ ఉండదు, చట్టం చెప్పిన సిక్ పే ఒక్కటే, అదీ 28 వారాలకి మించదు. సగం జీతం ఏ తేదీన మొదలవుతుందో ముందే లెక్క తేలుతుంది, కాబట్టి ఆ నెల రాకముందే వచ్చి కూర్చోమంటాం. జీతాలు వేసే పేరోల్ విభాగానికి కబురు ఆలస్యంగా అందితే ఇంకో చిక్కు: పూర్తి జీతమే ఖాతాలో జమవుతుంది, ఆ తర్వాతి నెలల్లో ఎక్కువిచ్చింది కోసేస్తారు. ఒకే నెలలో కోయొద్దని, కొన్ని నెలలకి సర్దమని రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే నిలవదు.

ఇక దరఖాస్తు. ఇంట్లో అందరి ఆదాయం, నెల ఖర్చు, బాకీలు, దాచుకున్నది, అన్నీ రాయాలి. పేస్లిప్పులు, ఇటీవలి బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. ఎక్కువసేపు పట్టేది స్టేట్‌మెంట్లే. ఫారం చూసేవాళ్లకి మన ఇళ్ల లెక్కలు తెలియవు. ఇంటికి అమ్మానాన్నలకి పంపిన డబ్బు, ఊళ్లో చదువు లోనుకి కట్టే ఈఎంఐ, స్నేహితుల మధ్య చీటీ పాట, ఇవన్నీ వివరం లేకుండా కనిపిస్తాయి. చీటీ పాడుకున్న నెలలో ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే అది ఆదాయంలా ఉంటుంది. నిజానికి అది నెలనెలా కట్టాల్సిన బాకీ. గదిలో ముగ్గురుంటే అద్దె ఒక్కరి ఖాతాలోంచే వెళ్తుంది, మిగతా ఇద్దరి వాటాలు ఆ ఒక్కరి ఖాతాలో పడతాయి. ఇదీ ఆదాయం అనుకుంటారు.

అందుకని ఇవాళ కూడా చేసింది అదే: స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, పెద్ద మొత్తాల పక్కన పెన్సిలుతో ఒక్కో మాట. 'అమ్మ మందులు.' 'అద్దెలో నా వాటా.' 'చీటీ కంతు.' ఆ కాగితం చూసి అరపేజీ ఉత్తరం. దాచాలని ఏదీ తీసేయొద్దు. తీసేసింది తర్వాత బయటపడితే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఊరికి పంపడం తప్పేమీ కాదు, సగం జీతంలో కూడా ఎందుకు ఆపలేకపోతున్నారో రాస్తే చదివేవాళ్లకి అర్థమవుతుంది.

అడిగేది కూడా తేటగా ఉండాలి. 'కష్టంగా ఉంది, సాయం చేయండి' అని రాస్తే వాళ్లు తిరిగి ప్రశ్నలు పంపుతారు, వారాలు పోతాయి. 'వాషింగ్ మెషీన్ పాడైంది, ఇద్దరు పిల్లలు, మామూలు రకం కొత్తది ఇంత' అని ధర చీటీతో రాస్తే పని ముందుకు కదులుతుంది. కరెంటు, గ్యాస్ బాకీ, పిల్లల యూనిఫామ్, మంచం, పరుపు, ఇలాంటివి అడగొచ్చు. యూనిఫామ్‌కి, చలికాలం బిల్లులకి విడిగా పథకాలు ప్రకటిస్తుంటారు. కేటాయించిన డబ్బు అయిపోతే మూసేస్తారు, కాబట్టి ప్రకటించిన వారమే పంపాలి. లాయరు ఫీజులు, ప్రైవేటు వైద్యం లాంటివాటికి సాధారణంగా కుదరదు. క్రెడిట్ కార్డు అప్పు తీర్చమన్నా ఇవ్వరు, దానికి అప్పుల సలహా ఇచ్చేవాళ్ల దగ్గరికి పంపుతారు.

అప్పుల్లో వరస తెలియాలి. కార్డు కంపెనీ రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తుంది కాబట్టి జనం ముందు దానికే కడతారు. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, గ్యాస్ వెనకబడతాయి. నెత్తిన కప్పు పోయేది, బాకీ వసూలు చేసే బెయిలిఫ్ గుమ్మంలోకి వచ్చేది వీటితోనే. కౌన్సిల్ ట్యాక్స్ వాయిదా తప్పితే ముందు రిమైండరు వస్తుంది, ఏడు రోజుల్లో కట్టకపోతే ఆ ఏడాది మిగతా మొత్తమంతా ఒకేసారి కట్టమంటారు. రిమైండరు వచ్చిన రోజే కౌన్సిల్‌కి ఫోన్ చేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మే నుంచి 'బ్రీతింగ్ స్పేస్' ఉంది: 60 రోజులు అప్పులవాళ్లు వెంటపడకూడదు, చాలా అప్పుల మీద వడ్డీ, ఫీజులు ఆగుతాయి. మనంతట మనం పెట్టుకోలేం, అనుమతి ఉన్న సలహాదారే పెట్టాలి. ఆ 60 రోజుల్లో ఈ నెల అద్దె, ఈ నెల కరెంటు మాత్రం కడుతూనే ఉండాలి.

నిధి సాయం సంఘం సభ్యత్వం మీదే ఆధారపడుతుంది. అందుకే తిరస్కారాల్లో అన్నిటికన్నా బాధపెట్టేది సభ్యత్వం తెలియకుండా ఆగిపోవడం. చందా జీతంలోంచి కోతగా పోతుంటుంది. ఒక ఆస్పత్రి ట్రస్టు నుంచి ఇంకోదానికి మారినప్పుడు, ఏజెన్సీకి వెళ్లినప్పుడు ఆ కోత తనంతట తాను వెంట రాదు. జీతం సున్నా అయిన నెలలో కూడా ఆగుతుంది. మనిషికి తెలియదు, సభ్యుడిననే అనుకుంటాడు. పేస్లిప్పులో చందా గీత ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆ రోజే సంఘానికి చెప్పి బ్యాంకు ద్వారా డైరెక్ట్ డెబిట్ పెట్టించుకోవాలి.

ఒక్క తలుపే తట్టి ఊరుకోకూడదు. నర్సులకి, హెల్త్‌కేర్ అసిస్టెంట్లకి 'కావెల్' అనే నిధి ఉంది. మిగతా నిధుల కోసం 'టర్న్ టు అస్' వెబ్‌సైటులో వెతకొచ్చు. ఈ రాత్రికే సరుకులు లేకపోతే ఫారం కోసం ఆగొద్దు: ట్రస్సెల్ ఫుడ్ బ్యాంకుకి వోచర్ కావాలి, అది సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా కేంద్రం లాంటి చోట రాసిస్తారు, కనీసం మూడు రోజుల సరుకులు వస్తాయి.

ఇవాళ చూసినవాటిలో ఒక ఫారం రేపు వెళ్లిపోతుంది. రెండోదానికి గ్యాస్ మీటరు ఫొటో, వాషింగ్ మెషీన్ ధర చీటీ రావాలి. బుధవారం భోజనం బ్రేకులో ఫోన్ చేయాలి, నైట్ షిఫ్ట్ వాళ్లని పొద్దున నిద్రలేపకూడదు.