ఇథాకాలో పందుల కాపరి

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ని తెరిచినప్పుడల్లా నేను ఒంటికన్ను రాక్షసుడి గుహ దగ్గర కన్నా, మంత్రగత్తె సిర్సీ దీవిలో కన్నా, ఇథాకా దీవిలోని పందుల కాపరి యూమియస్ గుడిసె దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను. 24 సర్గల ఈ కావ్యంలో ట్రాయ్ యుద్ధానికి వెళ్లి 13వ సర్గలో స్వదేశం చేరిన ఇథాకా రాజు ఒడీసియస్, ముసలి బిచ్చగాడి రూపంలో, రాజభవనానికి కాక ముందుగా ఇక్కడికే వస్తాడు. వచ్చినవాడు తన యజమానేనని తెలియకపోయినా యూమియస్ అతనికి మాంసం వండిపెట్టి, చలిరాత్రి కప్పుకోవడానికి తన దుప్పటి ఇస్తాడు.

ఈ కాపరి పుట్టుకతో దాసుడు కాడు. సిరియే దీవిని ఏలిన క్టీసియస్ కొడుకైన ఇతణ్ణి పసితనంలోనే ఫినీషియన్ వర్తకులు ఎత్తుకొచ్చి అమ్మగా, ఒడీసియస్ తండ్రి లేయర్టీస్ కొన్నాడు. ఈ కావ్యంలో కవి “నీవు” అని నేరుగా పలకరించే పాత్ర యూమియస్ ఒక్కడే. అది ఛందస్సు కోసమని కొందరంటారు గానీ, నాకు ఆప్యాయతగానే వినిపిస్తుంది.

17వ సర్గలో ఇద్దరూ భవనం వాకిట చేరినప్పుడు, పేడకుప్ప మీద పడివున్న ముసలి కుక్క ఆర్గోస్ 20 ఏళ్ల తర్వాత యజమానిని గుర్తుపట్టి తోక ఆడిస్తుంది. యూమియస్ కంటబడకుండా ఒడీసియస్ కన్నీరు తుడుచుకుంటాడు.