రాత్రి వంట చప్పబడితే

వారం మధ్యలో రాత్రి వంట అంటే ఏముంటుంది? ఓ కూరగాయ, ఓ గిన్నెడు పప్పు, అన్నమో రొట్టెనో, మహా అయితే ఒక గుడ్డు. తింటుంటే ఏదో తక్కువైందనిపిస్తుంది. వెంటనే చెయ్యి ఉప్పు మీదికో మసాలా డబ్బా మీదికో పోతుంది. చాలాసార్లు తక్కువైంది ఆ రెండూ కాదు. పులుపు తక్కువై ఉంటుంది, లేదా కూర ఎర్రగా వేగి ఉండదు, లేదా పంటి కింద కరకరలాడేది ఒక్కటీ ఉండదు. ఈ మూడూ ఇంట్లో ఉన్న నిమ్మకాయ, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలతోనే తేవచ్చు. ఎంత, ఎప్పుడు వెయ్యాలన్నదే తెలియాలి.

ముందు ఉప్పు సంగతి తేల్చేద్దాం. తయారైన వంట బరువులో ఒక శాతానికి అటూ ఇటూగా ఉప్పుంటే చాలామంది నాలుకకు సరిపోతుంది. అంటే కిలో కూరకి 10 గ్రాములు. సన్న ఉప్పు టీస్పూన్‌తో తలకొట్టి కొలిస్తే సుమారు 6 గ్రాములు తూగుతుంది. కల్లుప్పు అదే స్పూన్‌లో తక్కువ తూగుతుంది, రాళ్ల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి. ఒక ఉప్పు నుంచి ఇంకో ఉప్పుకి మారి, పాత అలవాటుగా అదే స్పూన్ వేసినప్పుడు రుచి తేడా కొట్టేది ఇందుకే. సగం ఉప్పు మొదట్లోనే వేస్తే ముక్క లోపలికి పడుతుంది. మిగతా సగం దించే ముందు వెయ్యండి. ముందే మొత్తం వేసేస్తే, నీళ్లు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతూ పోతుంది.

తక్కువైంది ఉప్పో పులుపో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు చెంచాల కూర వేరువేరుగా తీసుకోండి. ఒక దాంట్లో నాలుగు ఉప్పు రేణువులు, రెండో దాంట్లో రెండు చుక్కల నిమ్మరసం. రుచి చూడండి. దేనికి నాలుక ‘ఇదీ’ అంటుందో మొత్తం గిన్నెలో అది వెయ్యండి. అరనిమిషం పని. గిన్నెడు కూర మీద ప్రయోగాలు చెయ్యక్కర్లేదు.

నిమ్మరసం ఇద్దరికి సరిపడే కూరకి మొదట ఒక టీస్పూన్ చాలు. పొయ్యి కట్టేశాకే పిండాలి. మరుగుతున్న దాంట్లో పిండితే నిమ్మ వాసన ఆవిరితో పోయి ఉత్త పులుపు మిగులుతుంది. పైగా బీన్స్, పాలకూర లాంటి పచ్చనివి పులుపు తగిలి ఉడికితే వాటి పచ్చదనం మాసి సైనికుల బట్టల రంగులోకి దిగుతుంది. పులుపు తొందరగా పడితే ఇంకో ఇబ్బంది: పప్పైనా ఆలుగడ్డైనా ఓ పట్టాన ఉడకదు. టమాటాలు మొదట్లోనే వేసిన పప్పు గంట గడిచినా పలుకుగా ఉంటే తప్పు పప్పుది కాదు. మెత్తబడ్డాక వెయ్యండి.

దీన్నే తిరగేసి వాడుకోవచ్చు. ఆలుగడ్డ ముక్కలు వేపుడుకి ముందు ఉడకబెట్టేటప్పుడు లీటరు నీళ్లకి ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ వెయ్యండి. లోపల ఉడుకుతాయి, అంచులు మాత్రం చెదరవు. తర్వాత పెనం మీద వేస్తే ముద్ద కాకుండా పెచ్చు కడతాయి. వెనిగర్ వాసన ఉంటుందేమోనని భయం వద్దు, వేయించడంలో పోతుంది.

ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండాల్సిన పులుపు సరుకు ఒక్కటే చెప్పమంటే ఊరవేసిన ఉల్లిపాయకే నా ఓటు. ఒక పెద్ద ఎర్ర ఉల్లిపాయ, 150 గ్రాములుంటుంది, వీలైనంత పల్చగా తరగండి. జల్లెడలో వేసి చల్లటి నీళ్ల కింద అరనిమిషం కడిగితే ఘాటు తగ్గుతుంది. గాజు సీసాలో వేసి 100 మిల్లీలీటర్ల వెనిగర్, 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు, టీస్పూన్ పంచదార, ముప్పావు టీస్పూన్ ఉప్పు కలిపి పొయ్యండి. ముక్కలు పూర్తిగా మునగాలి. అరగంటకి తినొచ్చు, మర్నాటికి బాగుంటాయి. పులుపుకి ఉల్లి రంగు గాఢమై ముక్కలు గులాబీ రంగులోకి వస్తాయి, ఏ రంగూ కలపనక్కర్లేదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటాయి, తడి చెంచా పెట్టకపోతే. అల్యూమినియం గిన్నెలో మాత్రం పెట్టొద్దు, పులుపుకి గిన్నె కరిగి లోహపు రుచి వస్తుంది. పప్పు మీద, ఉడికించిన గుడ్డు మీద, రొట్టెలో చుట్టిన ఏ కూరలోనైనా నాలుగు ముక్కలు వేస్తే చాలు.

ఇక వేపుడు. చాలా ఇళ్లలో జరిగేది వేయించడం కాదు, ఉడకబెట్టడమే. మూకుడులో కూరగాయలన్నీ ఒకేసారి కుమ్మరించి, మాటిమాటికి గరిటె పెట్టి తిప్పితే వాటి నీళ్లలో అవే ఉడుకుతాయి. ముక్క మీద తడి ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడటం, ఆ వేగిన వాసన రావడం ఊపందుకునేది 140 డిగ్రీల దరిదాపుల్లో. అందుకే తడి పోవాలి, చోటుండాలి, కదపకూడదు.

క్యాబేజీతో చూడండి. ఎవరూ పెద్దగా ఇష్టపడని కూర కదా, తేడా బాగా తెలుస్తుంది. అరకిలో కాయని నిలువుగా ఆరు చెక్కలు చెయ్యండి. మధ్యలోని గట్టి కాడ తీసెయ్యొద్దు, రేకులన్నిటినీ పట్టి ఉంచేది అదే. కడిగితే తువ్వాలుతో బాగా ఒత్తి ఆరబెట్టండి. 28 సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి పెనంలో రెండు టేబుల్ స్పూన్ల నూనె పోసి, నూనె పల్చబడి అలలు తేలేదాకా కాచండి. చెక్కలని కోసిన వైపు కిందికి పెట్టండి, ఒకదానికొకటి తగలకుండా. అన్నీ పట్టకపోతే రెండు వాయిలుగా చెయ్యండి. ఇప్పుడు గరిటె పక్కన పెట్టెయ్యండి. ఐదు నిమిషాలు ముట్టుకోవద్దు, కష్టమే. మొదట చిటపటలు గట్టిగా వినిపిస్తాయి, తడి పోయేకొద్దీ సద్దు తగ్గుతుంది. అంచులు ఎండి గోధుమరంగులోకి రావడం పైనుంచే కనిపిస్తుంది. అప్పుడు అట్లకాడ పెట్టి లేపి చూడండి. సులువుగా ఊడి వస్తే వేగినట్టు. పట్టుకుని వదలకపోతే ఇంకో నిమిషం ఆగండి, బలవంతంగా లాగితే ఎర్రటి పెచ్చంతా పెనానికే మిగిలిపోతుంది.

రెండో వైపు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు చల్లి మూత పెడితే మూడు నిమిషాల్లో కాడ కూడా మగ్గుతుంది. మూత తీసి తడి ఆరనిచ్చి ఉప్పు, రెండు టీస్పూన్ల నిమ్మరసం వెయ్యండి. క్యాబేజీకి ఉన్న చెడ్డపేరు గంధకపు వాసన వల్ల వచ్చింది, ఎంతసేపు ఉడికితే అంత ఎక్కువవుతుంది అది. ఇలా పావుగంటలో ముగిస్తే ఆ వాసనకి అవకాశమే ఉండదు.

కాలీఫ్లవర్‌కీ ఇదే దారి. పుట్టగొడుగులది కాస్త వేరు, బరువులో తొంభై శాతం పైన నీళ్లే. నూనె లేకుండా ఉత్త పెనం మీద వేసి, నీళ్లు ఊరి ఇగిరిపోయాకే నూనె పొయ్యాలి, ఉప్పు చివర్లో. మొదటే నూనె పోస్తే స్పాంజిలా పీల్చేసుకుంటాయి.

వేయించాక పెనం అడుగున ఎర్రటి పొర అంటుకుని ఉంటుంది. దాన్ని సింకులో పెట్టి నానబెట్టకండి. పెనం వేడి మీదుండగానే పావు కప్పు నీళ్లు పోసి గీకితే అంతా కరుగుతుంది, పప్పులోనో పులుసులోనో పొయ్యండి. పొర నల్లగా మాడితే మాత్రం పారబొయ్యాల్సిందే, చేదు ఎందులో కలిసినా చేదే.

ఉల్లిపాయల గురించి ఒక మాట. ‘పది నిమిషాల్లో ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించండి’ అని రాసిన వంటకం ఏదైనా అబద్ధమే. అరకిలో ఉల్లి తీపెక్కి జిగురుగా మారాలంటే మధ్యస్థం కన్నా తక్కువ సెగ మీద నలభై నిమిషాలు పడుతుంది. తొందరగా కావాలంటే మొదట మూడు చెంచాల నీళ్లు పోసి మూత పెట్టి పెద్దసెగ మీద పది నిమిషాలు మగ్గించి, తర్వాత మూత తీసి వేయించండి. అడుగంటుతున్నప్పుడల్లా చెంచాడు నీళ్లు. పావుగంట దాకా కలిసొస్తుంది. చిటికెడు వంటసోడాతో రంగు ఇంకా తొందరగా వస్తుంది కానీ ముక్కలు గుజ్జవుతాయి, గ్రేవీకైతే పర్వాలేదు. నిజానికి ఇది రోజూ రాత్రి చేసే పని కాదు. సెలవురోజున కిలో చేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు వస్తుంది.

వెల్లుల్లి ఎక్కువమంది పాడుచేసేది కాగిన నూనెలో వెయ్యడం వల్ల. పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఆరు రెబ్బలు ఒకే మందాన పల్చగా కోసి, మూడు టేబుల్ స్పూన్ల చల్లటి నూనెలో వేసి అప్పుడు పొయ్యి వెలిగించండి. సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు. ముక్కలు లేత బంగారు రంగులో ఉండగానే తీసెయ్యాలి, ఇంకొంచెం ఆగుదాం అనిపించినప్పుడే. తీశాక కూడా వాటిలోని వేడికి ఇంకో రంగు ముదురుతాయి. కాగితం మీద ఆరితే కరకరలాడతాయి. మిగిలిన నూనెలో అర టీస్పూన్ జీలకర్ర వేసి చిటపటలాడాక పొయ్యి కట్టెయ్యండి. ఒక నిమిషం ఆగి, అర టీస్పూన్ కారం వెయ్యండి. కారప్పొడి మరిగే నూనెలో క్షణాల్లో మాడి, నల్లబడి, వంటిల్లంతా దగ్గిస్తుంది. కాస్త చల్లారిన నూనెలో ఎర్రరంగు, వాసన రెండూ దిగుతాయి. చప్పటి పప్పు మీద, ఉప్పు కలిపి గిలకొట్టిన పెరుగు మీద, ఉడికించిన ఆలుగడ్డ మీద ఈ నూనె రెండు చెంచాలు పోసి, వెల్లుల్లి ముక్కలు పైన చల్లండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడెయ్యండి. వెల్లుల్లి నూనె గది వేడిలో నిల్వ ఉంచకూడదు. గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధ తెచ్చే బాక్టీరియా పెరగగలదు, వాసనకీ రుచికీ తెలియదు.

పచ్చి వెల్లుల్లి ఇష్టమే కానీ ఘాటు పడదనుకుంటే, నిమ్మరసంలోనే నేరుగా తురిమి పది నిమిషాలు వదిలెయ్యండి. రెబ్బ నలిగినప్పుడు ఘాటు పుట్టించే ఎంజైమ్‌ని పులుపు పనిచెయ్యనివ్వదు. ముందు తురిమి తర్వాత నిమ్మరసం పోస్తే లాభం లేదు, ఘాటు అప్పటికే పుట్టేసి ఉంటుంది.

కరకరకి బ్రెడ్డు. ఎండిన రెండు ముక్కలని చేత్తో నలిపి, టేబుల్ స్పూన్ నూనెలో సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ వేయించండి. చిటికెడు ఉప్పు, ఉంటే కాస్త మిరియాల పొడి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యాలి, వేడిగా మూత పెడితే చెమర్చి మెత్తబడుతుంది. కూర మీద చల్లడం గిన్నెలో కాదు, కంచంలో వడ్డించాక. రెండు నిమిషాలు తడిలో ఉంటే కరకర పోయి బ్రెడ్డు బురదవుతుంది. బ్రెడ్డు లేకపోతే వేయించిన వేరుశనగలు, నువ్వులు అదే పని చేస్తాయి. వేరుశనగలు కొద్దిగా పచ్చిగా అనిపించినప్పుడే పళ్లెంలోకి తియ్యండి, వేడి మూకుడులో వదిలేస్తే మాడతాయి.

ఉప్పెక్కువైతే ఆలుగడ్డ వెయ్యమని అందరూ అంటారు. ఆలుగడ్డ ఉప్పుని ఏరుకుని పీల్చదు, ఉప్పునీళ్లని పీలుస్తుంది. మిగిలిన కూర అంతే ఉప్పగా ఉంటుంది, పరిమాణం తగ్గుతుంది, అంతే. ఉప్పు లేని అన్నమో, ఉడికిన పప్పో, నీళ్లో కలిపి పలచన చెయ్యడమే మందు. కారం ఎక్కువైతే నీళ్లు పనికిరావు, పెరుగో వెన్నో కలపాలి. చేదుకి మాత్రం చిటికెడు ఉప్పు నిజంగానే పనిచేస్తుంది.

మిగిలిన అన్నం వేయించేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, వేడన్నం వాడటం. తడిగా ఉండి ముద్ద కడుతుంది. ముందురోజు అన్నం ఫ్రిజ్‌లో ఉంచితే మెతుకు గట్టిపడి విడివిడిగా వేగుతుంది. రెండు, నలుగురికి సరిపడా ఒకేసారి వెయ్యడం. ఇద్దరి వంతు ఒక వాయి, అంతకు మించొద్దు. అన్నాన్ని వండిన గంటలో పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, రాత్రంతా బయట వదలకండి. అందులో పెరిగే ఒకరకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెనం బాగా కాగాక అన్నం పరిచి, ఒక నిమిషం కదపకుండా వదిలెయ్యండి. క్యాబేజీ లాగే దీనికీ పెచ్చు కడుతుంది. ఒక టీస్పూన్ సోయా సాస్ అన్నం మీద కాకుండా పెనం అంచున పొయ్యండి, వేడికి చుర్రుమని ఆ వాసన అన్నానికి పడుతుంది. ఆ టీస్పూన్‌లోనే ముప్పావు గ్రాము దాకా ఉప్పుంటుంది, అంత మేర వేసే ఉప్పు తగ్గించండి. దించాక ఊరవేసిన ఉల్లిపాయలు నాలుగు, ఉంటే కొత్తిమీర కాడలు సన్నగా తరిగి పైన వెయ్యండి. కాడలు పారేస్తుంటారు కానీ వాసన వాటిలోనూ బాగా ఉంటుంది.