తొమ్మిది ఊళ్ళ లిస్టులో రెండు మిగిలాయి

పోయినేడాది జూన్‌లో, బడులు తెరిచిన వారమే, మా అమ్మాయి పాత లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో "థాయ్‌లాండ్ – దసరా సెలవులు" అని పెద్దగా రాసింది. దాని కింద నేనూ మావారూ పోటీపడి ఊళ్ళ పేర్లు చేర్చాం. బ్యాంకాక్, ఆయుథయ, పట్టాయా, చియాంగ్ మాయ్, ఫుకెట్, ఫీ ఫీ, క్రాబీ, కో సముయ్, కో తావ్. మొత్తం తొమ్మిది. మాకు దొరికేవి ఎనిమిది రోజులు. అందులో తప్పేముందో అప్పుడు మాకు తట్టనే లేదు. ఇంట్లో ఎవరం అంతవరకు దేశం దాటింది లేదు మరి.

వెళ్ళేది ఐదుగురం. మేమిద్దరం, ఎనిమిదో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య. అత్తయ్యది బాపట్ల వైపు తీరంలో ఊరు. గుడ్డు కూడా తినరు. ఈ రెండు సంగతులూ తర్వాత పనికొచ్చాయి.

ముందు ఒక ట్రావెల్ ఏజెంట్‌ని అడిగాం. ఐదు రోజుల ప్యాకేజీ ఇచ్చాడు. అందులో సగం పట్టాయా, మిగతా సగం షాపింగ్. అత్తయ్యని తీసుకుని పట్టాయా రాత్రులు చూడటం ఎలా ఉంటుందో ఊహించుకుని మావారు మొహం తిప్పుకున్నారు. పైగా ప్యాకేజీ మీద అప్పట్లో 5 శాతం టీసీఎస్, అంటే ఏజెంటే ముందుగా వసూలు చేసే పన్ను. ఐటీ రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది, నిజమే, కానీ ముందు కట్టాల్సింది మనమే. మనమే చూసుకుందాం అనుకున్నాం. పట్టాయా మీద మొదటి గీత అలా పడింది.

తర్వాత వానల గొడవ. థాయ్‌లాండ్ దక్షిణాన సన్నగా తోకలా సాగి ఉంటుంది. పడమర అండమాన్ సముద్రం, అటు ఫుకెట్, క్రాబీ, ఫీ ఫీ. తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ, అటు కో సముయ్, కో తావ్. నేను చూసిన వీడియోల్లో ఒకడు "అక్టోబర్‌లో వెళ్ళొద్దు" అంటాడు, ఇంకొకడు "ఆగస్టులో సూపర్" అంటాడు. ఇద్దరూ థాయ్‌లాండ్ అనే అంటారు, ఏ ఒడ్డో చెప్పరు. రెండు రోజులు తల పట్టుకున్నాను.

అత్తయ్య కూరగాయలు తరుగుతూ వింటున్నారు. "మనకి జూన్‌లో హైదరాబాద్‌లో వాన పడితే నెల్లూరులో ఎండ కాయదూ? నెల్లూరుకి వానలు కార్తీకంలో కదా," అన్నారు. అప్పుడు వెలిగింది. నైరుతి రుతుపవనాలు మే నుంచి అక్టోబర్ దాకా అండమాన్ ఒడ్డుని తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అటువైపు ఒడ్డుని, కో సముయ్‌ని. దసరా సెలవులు సరిగ్గా రెండిటి మధ్యలో. ఒకవైపు వాన పోలేదు, రెండోవైపు మొదలవబోతోంది.

దాంతో దసరా కొట్టేసి సంక్రాంతి అని రాశాం. జనవరిలో అండమాన్ వైపు ఆకాశం తేటగా ఉంటుంది. సముయ్ వైపు మాత్రం సముద్రం ఇంకా పూర్తిగా కుదుటపడదు. కాబట్టి సముయ్, తావ్ రెండూ పోయాయి. ఈ నిర్ణయం మంచిదేనని నవంబర్ చివర్లో తెలిసింది. ఆ తూర్పు వైపున్న హాట్ యాయ్ నగరం వరదల్లో మునిగిన వార్త టీవీలో చూశాం.

సంక్రాంతి అనగానే ఊళ్ళోంచి ఫోన్లు. "పండగపూట ఇల్లు వదిలి ఎక్కడికే?" అని మా అమ్మ. డిసెంబర్‌లో కంబోడియా సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలయ్యాక మా బాబాయ్ రోజు విడిచి రోజు చేసేవాడు. "యుద్ధం జరుగుతోందంట కదమ్మా, డబ్బులిచ్చి మరీ వెళ్ళాలా?" ఆ సరిహద్దు దేశానికి తూర్పు కొసన, మేం వెళ్ళే క్రాబీ దక్షిణాన పడమటి ఒడ్డున అని మ్యాప్ వాట్సాప్‌లో పంపాను. మ్యాప్ చూశాడో లేదో గానీ, ఆ నెలాఖరులో కాల్పుల విరమణ అయ్యేదాకా ఫోన్లు ఆపలేదు.

మిగిలిన ఊళ్ళని దూరాలు కొట్టేశాయి. చియాంగ్ మాయ్‌కి బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు పన్నెండు గంటల పైమాటే. రైలు ప్రయాణం నాకు సరదానే, కానీ రాను పోను లెక్కేస్తే రెండు రోజులు దానికే. ఫుకెట్, క్రాబీ ఒకే సముద్రానికి రెండు వైపులా ఉన్నాయి, ఒకటి చాలు. ఆయుథయ అంటే మన అయోధ్య పేరే అని అత్తయ్యకి చెప్పి ఆశపెట్టాను, కానీ బ్యాంకాక్‌కి మూడు రోజులే ఉండటంతో అదీ వదిలేశాం. ఇప్పటికీ ఆ ఒక్కదానికే నాకు బాధ.

ఫీ ఫీ విషయంలో పిల్లలతో పెద్ద గొడవ. అక్కడి మాయా బే బీచ్‌ని జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూసేశారు, 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు అక్కడ ఈత కొట్టనివ్వరు. విదేశీ పెద్దవాళ్ళకి తలా 400 బాత్‌ల టికెట్, మేం వెళ్ళినప్పుడు బాత్ అంటే మూడు రూపాయలకి కాస్త తక్కువ. స్పీడ్‌బోట్ కుదుపులకి అత్తయ్య నడుం తట్టుకోదు. ఈత కొట్టనివ్వని బీచ్ ఎందుకన్నది అబ్బాయికి నచ్చింది. అమ్మాయికి నచ్చలేదు, దానికి అక్కడ ఫొటో కావాలి.

చివరికి మిగిలినవి బ్యాంకాక్ మూడు రాత్రులు, క్రాబీ నాలుగు రాత్రులు.

ఇక కాగితాలు. వీసా అక్కర్లేకపోయింది, మేం వెళ్ళేనాటికి భారతీయులకి 60 రోజుల దాకా మినహాయింపు ఉంది (ఈ రూల్ మారుతూ ఉంటుంది, మీరు వెళ్ళేముందు చూసుకోండి). మాకు దెబ్బ తగిలింది పాస్‌పోర్ట్ దగ్గర. అబ్బాయి పాస్‌పోర్ట్ 2021లో తీసుకున్నాం, అమెరికాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్దామని, వెళ్ళనే లేదు. పెద్దవాళ్ళకి పదేళ్ళు కాబట్టి వాడిదీ అంతే అనుకున్నాను. పిల్లలకి ఐదేళ్ళే. ఏప్రిల్‌తో అయిపోతోంది. ప్రయాణానికి ఆరు నెలల గడువు ఉండాలి, మాకున్నది మూడు నెలలు. అది చూసుకున్నది సెప్టెంబర్‌లో, టికెట్లు కొన్న మర్నాడు. ఆ రాత్రి నిద్ర లేదు. రీ-ఇష్యూకి అప్లై చేసి, పిల్లల పాస్‌పోర్ట్‌కి తల్లిదండ్రులిచ్చే అనెగ్జర్ డి ఫారం మీద ఇద్దరం సంతకాలు పెట్టి, వాణ్ణి బడి మానిపించి తీసుకెళ్ళాం. కొత్తది వచ్చేదాకా టెన్షన్ నాకు, లీవు దొరికిన ఆనందం వాడికి.

రెండో దెబ్బ ఇంకా ఖరీదైనది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి రాను పోను టికెట్లు ముందే తీసుకున్నాం. బ్యాంకాక్–క్రాబీ మధ్య లోకల్ విమానం విడిగా, ఏది చవగ్గా ఉంటే అది బుక్ చేశాను. ఒక ఆదివారం అమ్మాయి ప్రింట్లు ఫైల్‌లో పెడుతూ, "అమ్మా, వచ్చేటప్పటి టికెట్ మీద డీఎంకే అని ఉందేంటి? చెన్నై మీదుగా వస్తున్నామా?" అంది. అందరం నవ్వాం. మావారు నవ్వుతూనే ఫోన్‌లో వెతికి, నవ్వడం ఆపేశారు.

బ్యాంకాక్‌కి రెండు విమానాశ్రయాలు. సువర్ణభూమి ఒకటి, డాన్ ముయాంగ్ ఇంకొకటి. ఆ రెండోదాని కోడే డీఎంకే. క్రాబీ నుంచి మేం దిగేది అక్కడ, హైదరాబాద్ విమానం ఎక్కాల్సింది ఊరికి ఆ చివర సువర్ణభూమిలో. మధ్యలో మూడు గంటలు. టికెట్ చూపిస్తే ఉచితంగా ఎక్కించుకునే షటిల్ బస్సు ఉంది, కానీ ట్రాఫిక్ బాగుంటేనే గంట. సామాను తీసుకుని, బస్సు పట్టుకుని, అత్తయ్యతో మళ్ళీ చెక్-ఇన్ క్యూలో నిలబడి... వద్దనుకున్నాం. క్యాన్సిల్ చేస్తే చవక టికెట్ కదా, పైసా రాలేదు. సువర్ణభూమిలో దిగే విమానానికి మళ్ళీ కొన్నాం. ఐదు టికెట్ల డబ్బు గాలికి. తప్పు నాదే కాబట్టి వారం రోజులు ఇంట్లో ఎవరేమన్నా వినేదాన్ని.

హోటళ్ళ దగ్గర మాత్రం బుద్ధిగా ఆలోచించాం. బ్యాంకాక్‌లో సురసాక్ స్టేషన్ దగ్గర తీసుకున్నాం. అక్కణ్ణుంచి స్కైట్రైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్తే పడవల రేవు. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ అన్నీ చావో ఫ్రాయా నది మీద పడవలోనే చూడొచ్చు. తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి కూడా ఆ దగ్గర్లోనే ఉంది, అత్తయ్య కోసం. క్రాబీలో రైలే బీచ్ మీద గది తీసుకోవాలని నా కోరిక. రైలే దీవి కాదు, కానీ కొండలు అడ్డం ఉండటంతో పడవ తప్ప దారి లేదు. పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఒడ్డెక్కాలి. ఐదుగురి సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుని నడవడం ఊహించుకున్నాక రోడ్డు దారి ఉన్న పక్క ఊరు ఆవ్ నాంగ్‌లోనే ఉండి, రైలేకి ఒక పూట వెళ్ళొచ్చాం.

తిండికి అమ్మాయి ఒక చీటీ తయారుచేసింది. అక్కడ "వెజ్" అంటే చేపల సాస్ పోసి ఇచ్చేస్తారు. "కిన్ జే" అనాలి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేనిది, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరాలే ఆ గుర్తు. అబ్బాయికి వీధుల్లో ఆ పదిహేడు వెతకడం ఒక ఆట అయిపోయింది. అయినా కందిపొడి, చింతకాయ పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో వెళ్ళాయి. అది చర్చకి రాలేదు.

థాయ్‌లాండ్‌లో దిగే ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే నుంచి వచ్చింది, ఉచితం. గూగుల్‌లో వెతికితే ముందు డబ్బులడిగే సైట్లు తగిలాయి. చిరునామా చివర గో డాట్ టీహెచ్ లేకపోతే అది సర్కారుది కాదు.

జనవరి 9 రాత్రి బయల్దేరాం. సువర్ణభూమిలో క్షీరసాగర మథనం బొమ్మ ముందు అత్తయ్య చాలాసేపు నిలబడిపోయారు. ప్యాలెస్ గోడల మీద రామాయణం చూస్తూ, వాళ్ళ కథలో హనుమంతుడు రావణుడి కూతురైన మత్స్యకన్యని వలచాడని అమ్మాయి చదివి చెబితే మాత్రం నొచ్చుకున్నారు. "ఎవరో గిట్టనివాళ్ళు రాసుంటారు," అన్నారు.

క్రాబీలో నాలుగు దీవుల పడవ ఏ రోజు ఎక్కాలో ఇంట్లోనే తేల్చాం. అక్కడ సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు రెండు మూడు దీవుల మధ్య ఇసుక దారి బయటపడుతుంది. నేను మొదటిరోజే వెళ్దామన్నాను. అత్తయ్య గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, "పద్దెనిమిదిన అమావాస్య. అప్పటికి ఎంత దగ్గరగా వెళ్తే నీళ్ళు అంత బాగా తీస్తాయి. ఆఖరిరోజు పెట్టుకో," అన్నారు. కనుమ రోజున, 16న పెట్టాం.

నీళ్ళు తగ్గే వేళ చూసి పడవ వాడు మమ్మల్ని ఇసుక మీద దింపాడు. రెండు పక్కలా సముద్రం, మధ్యలో తడి ఇసుక. అత్తయ్య పుష్కరాల్లో దిగినట్టు కుచ్చిళ్ళు పైకి దోపుకుని, అబ్బాయి చెయ్యి పట్టుకుని ఈ దీవి నుంచి ఆ దీవికి నడిచారు. ఒకచోట నీళ్ళు ఇంకా చీలమండల దాకా పారుతున్నాయి. అక్కడ ఆగి అటూ ఇటూ చూసి, "ఇంకో రెండు రోజులాగి వస్తే ఇదీ తీసేసేది," అన్నారు.

మా తిరుగు విమానం మర్నాడే.