ముదురు పసుపు అంత ముదురేమీ కాదు

చిత్రకళ కోర్సు మొదటి సెమిస్టరులో అరిటాకు మీద పోసిన ఎండుమిరపకాయలు వేశాను. ఎరుపూ ఆకుపచ్చా ఎదురెదురు రంగులు కదా, పక్కపక్కన పడితే బొమ్మ భగ్గుమంటుందని నా లెక్క. మా మాస్టారు కాసేపు చూసి, "ఘాటు తెలుస్తోందమ్మా, కాయే కనిపించడం లేదు" అన్నారు. ఫోనుతో నలుపు తెలుపులో ఫొటో తీసి చూపించారు. ఆకు లేదు, కాయలు లేవు. తడిసిన సిమెంటు గోడలా అంతా ఒకటే బూడిద రంగు.

ఆ వారమంతా నన్ను రంగులు ముట్టుకోనివ్వలేదు. తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్ల పట్టీ వేయమన్నారు. ఇదేం పని, చిన్నపిల్లల పని అనుకున్నాను. నాలుగు పట్టీలు చించేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. గ్వాష్ అనే చిక్కటి నీటిరంగుతో వచ్చే చిక్కు ఏమిటంటే, తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కుదిరిన ముదురు మెట్టు ఆరాక తేలిపోతుంది, లేత మెట్టేమో కాస్త మసకబారుతుంది. రెండు చివరలూ మధ్యకు జరుగుతాయి. చివరికి ప్రతి కలయికనూ చిన్న కాగితం ముక్కకు పూసి, ఆరనిచ్చి, సరిపోయిన ముక్కలనే వరసగా అతికించాను.

ఆ పట్టీ ఇంటికి తెచ్చాక అసలు గందరగోళం నేను వాడే మాటలోనే ఉందని తెలిసింది. లేత, ముదురు అనేవి మనకు చెట్ల నుంచి, కూరగాయల నుంచి వచ్చిన మాటలు. లేత బెండకాయ, ముదురు బెండకాయ. చింతచిగురుకీ చింతాకుకీ ఆ మాటలు రంగులోనూ చక్కగా సరిపోతాయి. మరి ముదురు పసుపు సంగతి? అమ్మ పట్టుచీర అంచు అదే రంగు. పట్టీని దాని పక్కన పెట్టి కళ్లు చికిలించి చూశాను. తెలుపు వైపు నుంచి మూడో మెట్టు! పక్కనే ఉన్న కుంకుమరంగు గళ్లు ఏడో మెట్టు దగ్గర ఆగాయి. పసుపు నిండుగా ఉంది, అంతే, చీకటిగా లేదు. రంగు నిండుదనానికీ నలుపుకీ ఇన్నేళ్లూ ఒకే మాట వాడుతూ వచ్చాను. (అమ్మ మాత్రం చీరకు రంగు అంటుతుందని చాలా కంగారు పడింది.)

నా నిమ్మకాయలు ఎందుకు పాడవుతున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. నీడ కోసం పసుపులో నలుపు కలిపేదాన్ని, కాయ పాచి పట్టినట్టు ఆకుపచ్చకు తిరిగేది. ఇప్పుడు రా అంబర్ అనే మట్టి గోధుమరంగు, చిటికెడు ఊదా వేస్తున్నాను. నీడ నీడలా ఉంటోంది.

అంతా టోనే, అంటే వెలుగు చీకట్ల మెట్టే, రంగు పైపై అలంకారమే అని ఓ నెల రోజులు అందరికీ ఉపన్యాసాలు ఇచ్చాను. అది కూడా తప్పేనని ఫ్రెంచి చిత్రకారుడు మొనే 1872లో వేసిన లె హావ్ర్ రేవు బొమ్మ, 'ఇంప్రెషన్, సన్‌రైజ్', చెప్పింది. దాన్ని నలుపు తెలుపులోకి మారిస్తే ఎర్రటి సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. వెలుగులో అతనికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ తేడా లేనట్టే. నా మిరపకాయలు చేసిన తప్పునే ఆయన కావాలని చేశాడన్నమాట! కాకపోతే ఆ బొమ్మలో పడవలు చీకటిగా ఉన్నాయి. కళ్లు చికిలించినా అవి నిలుస్తాయి, సూర్యుడొక్కడే కరుగుతాడు. నా బొమ్మలో నిలవడానికి ఏమీ లేదు.

సెలవులకు రాజమండ్రి వచ్చాక పుష్కర ఘాట్‌లో కూర్చుని, కొవ్వూరు వైపు దిగే పొద్దును పోస్టుకార్డంత ముక్కల మీద ఆరుసార్లు వేశాను. ఆకాశానికి అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, బోలెడు తెలుపు. ఆ బూడిద మీద నారింజ చుక్క పెట్టడం, కళ్లు చికిలించడం, చుక్క ఇంకా కనిపిస్తే మళ్లీ కలపడం. మొదటి మూడింటిలో సూర్యుడు అతికించిన బొట్టుబిళ్లలా ఉన్నాడు. నాలుగు, అయిదు ముక్కల్లో బురదయ్యాడు. ఆరోది చూసి చెల్లి, "అక్కా, ఇది కదులుతున్నట్టుందేమిటి?" అంది. ఫోనులో నలుపు తెలుపు చేసి చూశాం. సూర్యుడు లేడు. ఒడ్డున కట్టేసిన పడవ మాత్రం ఉంది, అవసరమైన దానికన్నా రెండు మెట్లు నల్లగా.