కదలని గీత

డాలస్‌లో డిసెంబరు వచ్చిందంటే మా ఇళ్ళల్లో అందరం లెక్కలు చూసుకుంటాం. మురిగిపోయే సెలవులెన్ని, అప్రైజల్‌లో ఏం రాయాలి, ఇండియా వెళ్తే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వేయించుకోవాల్సిన వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంటు దొరుకుతుందా, దొరక్కపోతే అక్కడే ఇరుక్కుపోతామా. ఆ ఆఖరి లెక్క తేలక ఈ ఏడాది కూడా ఇక్కడే ఉండిపోయాం. ఫోన్‌లో ఆ మాట చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పోనీలేవే, ఆ పరుగుపందెమన్నా బాగా పరిగెత్తు" అంది.

అమ్మ అన్న పందెం డాలస్ మారథాన్. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, ఇక్కడి లెక్కలో 26.2 మైళ్ళు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరాన్నే 1921లో ప్రమాణంగా ఖాయం చేశారు. అప్పట్నుంచీ మారలేదు. మొదట్లో నాకది చదివి వదిలేసిన వివరం.

డాలస్ మారథాన్ డిసెంబరు నడుమ జరుగుతుంది. అంటే సాధన చేయాల్సింది మండే ఎండాకాలంలో. ఇర్వింగ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే కాంపియన్ ట్రెయిల్ ఉంది, ట్రినిటీ నది పాయ వెంట. ఆగస్టులో తెల్లవారుజామున ఐదింటికి కూడా ఫారన్‌హీట్‌లో ఎనభై డిగ్రీలు. నుదుటికి లైటు కట్టుకుని, నడుముకి నీళ్ళ సీసా పెట్టుకుని నలుగురం ఆడవాళ్ళం బయల్దేరేవాళ్ళం. అందరం సాఫ్ట్‌వేరే, అందరం వీసాల మీదున్నవాళ్ళమే. ఇంట్లో పిల్లలు లేచేలోపు తిరిగి రావాలి.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం సాయంత్రం వార్త వచ్చింది. మా ఉద్యోగ వీసా హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుమట, ఆదివారం నుంచే అమలట. ఎవరికి వర్తిస్తుందో మొదట ఎవరూ తేల్చి చెప్పలేదు. దేశం బయట ఉన్నవాళ్ళు వెంటనే వచ్చేయండి అని కంపెనీల నుంచి మెయిళ్ళు. మాతో పరిగెత్తే ఒకమ్మాయి వాళ్ళాయన, తన తండ్రి ఆపరేషన్ కోసం విజయవాడ వెళ్ళి ఉన్నాడు. ఆ రాత్రంతా ఆ పిల్ల టికెట్లు వెతుకుతూ కూర్చుంది. శనివారం పొద్దున అయినా పరుగుకి వచ్చింది. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందక్కా" అంది. ఆ రోజు ఎవరం మాట్లాడుకోలేదు, పద్నాలుగు మైళ్ళు పరిగెత్తాం. సాయంత్రానికి అది కొత్త దరఖాస్తులకేనని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అప్పటికే ఆయన ఆస్పత్రిలో తండ్రిని వదిలి విమానం ఎక్కేశాడు. ఏడాది మొత్తంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

మా గ్రీన్‌కార్డ్ (శాశ్వత నివాస అనుమతి) సంగతీ చెప్పాలి. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. 1990 నాటి చట్టం ప్రకారం ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతానికి మించి ఇవ్వరు, మిగిలిపోతే తప్ప. నా ప్రయారిటీ డేట్, అంటే వరుసలో నా చోటు తేల్చే తేదీ, 2015 మొదట్లోది. ఏ తేదీ వాళ్ళ దాకా వంతు వచ్చిందో ప్రభుత్వం నెలనెలా బులెటిన్‌లో చెబుతుంది. 2022 సెప్టెంబరు బులెటిన్‌లో మా కోవ అయిన ఇండియా ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. ఇంకొక్క రెండు నెలలు జరిగితే చాలనుకుని మెడికల్ పరీక్షకి డాక్టర్‌ని కూడా చూసుకున్నాం. అక్టోబరులో అది 2012 ఏప్రిల్ 1కి వెళ్ళిపోయింది. తర్వాతి ఏప్రిల్‌కి 2011 జనవరికి. 2025 డిసెంబరులో కూడా ఇంకా 2013లోనే ఉంది. ఈలోగా నాలుగేళ్ళప్పుడు వచ్చిన మా అమ్మాయికి పదిహేడు నిండాయి.

పందెం రోజు పొద్దున డౌన్‌టౌన్‌లో చలి. వైట్ రాక్ చెరువు దాకా హాయిగానే సాగింది. అమ్మ చెప్పినట్టే ముందురాత్రి పెరుగన్నం తిన్నాను, మధ్యలో జెల్స్, ఉప్పు మాత్రలు. ఇరవయ్యో మైలు దాటాక ఒంట్లో దాచుకున్న చక్కెర అయిపోతుందని చదివాను కానీ, కాళ్ళు ఎత్తడమే ఇంత పనవుతుందని అనుకోలేదు. అక్కడ నాకు ఆసరా అయింది మైలురాళ్ళ బోర్డులే. 21 తర్వాత 22 వచ్చింది. 22 తర్వాత 23. నేనెంత నెమ్మదిగా వెళ్ళినా తర్వాతి బోర్డు వెనక్కి జరగలేదు. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా నిజాయితీగా పన్నులు కట్టి, చెప్పిన చోటల్లా సంతకం పెట్టి నిలబడ్డాను. పరిగెత్తినంత మేరా దగ్గరయ్యే గమ్యం ఒకటి నాకు చాలా కాలం తర్వాత దొరికింది. ఇరవై నాలుగో మైలు దగ్గర ఏడుపొచ్చింది, అలాగే పరిగెత్తాను.

గీత దాటాక మెడలో పతకం వేశారు. అమ్మాయి జాకెట్ తెచ్చి భుజాల మీద కప్పింది. దాని స్నేహితులు వారాంతాల్లో కాఫీ షాపుల్లో పనిచేస్తారు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న పిల్లలకి ఆ హక్కు లేదు. ఇరవయ్యొకటి దాటితే మా దరఖాస్తులోంచి కూడా తెగిపోతుంది. పెరిగిన ఊళ్ళోనే విదేశీ విద్యార్థిగా మళ్ళీ వీసా అడుక్కోవాలి, లేదా వెళ్ళిపోవాలి. ఇలాంటి పిల్లల కోసం 2021 నుంచీ అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లు ప్రవేశపెడుతూనే ఉన్నారు, చట్టం కావడం లేదు.

క్రిస్మస్ సెలవుల్లో మా కాంగ్రెస్ ప్రతినిధికి ఆ బిల్లు గురించి ఉత్తరం రాస్తున్నాను. అమ్మాయి చదివి రెండు వాక్యాలు దిద్దింది, తన బడి సంగతి ఒక పేరా చేర్చింది. పరుగు స్నేహితురాళ్ళు ముగ్గురూ తమ పిల్లల సంగతులు రాసి ఇస్తామన్నారు. జనవరి మొదటి వారంలో నాలుగూ కలిపి పంపిస్తాం.