పిల్లల ఫొటోకు ముందు నీడను వెతకాలి

గత మే నెల మొదట్లో మా అక్క కూతురి ఐదో పుట్టినరోజుకు కృష్ణా జిల్లాలోని అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు, పట్టులంగా కట్టుకున్న ఆ పిల్లను ఉదయం 11:30కి పెరట్లో మామిడిచెట్టుకు ఇవతల ఎండలో నిలబెట్టి దాదాపు 60 ఫొటోలు తీశాను. ఒక్కదానిలోనూ దాని కళ్ళు పూర్తిగా తెరుచుకోలేదు. "కళ్ళు తెరువమ్మా, పిన్ని వైపు చూడు" అని నేను మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంటే, అది నిజంగానే ప్రయత్నించి ప్రయత్నించి, చివరికి కళ్ళ వెంట నీళ్ళు కారి కాటుక చెంపల మీదికి దిగింది. తప్పు పిల్లది కాదని, నేను ఎంచుకున్న చోటుదని అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నొచ్చుకుంటాను.

మా ఊరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, మే మొదటి వారంలోనూ మళ్ళీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండలో కనుబొమల నీడ కళ్ళ గుంటల్లోకీ, ముక్కు నీడ పైపెదవి మీదికీ దిగుతాయి. నూనె రాసి దువ్విన జుట్టూ నుదురూ మాత్రం తెల్లగా మెరిసిపోతాయి. సంక్రాంతి రోజుల్లో అదే సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 52 డిగ్రీల ఎత్తు దాటడు, అందుకే భోగినాటి ఫొటోల్లో పిల్లల ముఖాలు కాస్త తేటగా ఉంటాయి. వేసవిలో మనకు దక్కే నీరెండ చాలా కొద్దిసేపటిది. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూ మన ప్రాంతంలో దాదాపు నిట్టనిలువుగా పైకెక్కుతాడు కనుక, పిల్లకు తలంటి తయారుచేసేలోపే ఉదయపు నీరెండ ముదిరిపోతుంది.

ఆ సాయంత్రం నాలుగింటికి పిల్లను వీధి అరుగు మీద కూర్చోబెట్టాను. ఇల్లు తూర్పుముఖం కాబట్టి అప్పటికి అరుగంతా నీడలో ఉంది, ఎదురుగా ఆకాశం మాత్రం విశాలంగా తెరుచుకుని ఉంది. సూర్యుడు మనకు చిన్న దీపం వంటివాడు, అందుకే అతని నీడలు కత్తితో కోసినట్టు పడతాయి; ఆకాశం అంత మేర పరుచుకున్న వెలుగు మాత్రం ముఖాన్ని అన్ని వైపుల నుంచీ మెత్తగా తాకుతుంది. మొదట వసారా లోపల, గోడకు ఆనించి కూర్చోబెడితే ముఖం మసకబారి కళ్ళు నిర్జీవంగా కనిపించాయి. అరుగు అంచుకు, నీడ గీతకు జానెడు ఇవతలికి జరిపి ముఖం వీధి వైపు తిప్పగానే, కాటుక దిద్దిన ఆ నల్లని కళ్ళలో ఆకాశపు తునక ఒకటి తెల్లగా మెరిసింది. కాటుక పెట్టిన కళ్ళకు ఈ మెరుపు మరీ అవసరం, అది లేకపోతే ఫొటోలో కళ్ళు నల్లని మచ్చల్లా మిగిలిపోతాయి.

చెట్టు నీడ కూడా నీడే కదా అనుకుంటాం గానీ, వేప, చింత వంటి చెట్ల కింద ఆకుల సందుల్లోంచి ఎండపొడలు పడి చెంప మీద తెల్లని మచ్చలు కడతాయి, వాటిని తరువాత ఎంత దిద్దినా పోవు. పచ్చగడ్డి మీద కూర్చోబెడితే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. తెల్లని పంచె పరిచి దాని మీద కూర్చోబెడితే ఆ ఛాయ పోవడమే కాక, కింది నుంచి వెలుగు తిరిగి కొట్టి కళ్ళ కింద నీడ పలచబడుతుంది. పంచె లేకపోతే థర్మాకోల్ షీట్ అయినా సరిపోతుంది. ఫ్లాష్ నేను పిల్లల దగ్గర దాదాపు వాడను.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి చేరే వెలుగు మోతాదు విషయంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఒకటుంది. కెమెరా తాను చూసేదాన్నంతా నడిమి రకపు బూడిద రంగుగా లెక్కగడుతుంది, అందువల్ల తెల్లని గౌను వేసిన పిల్లను చూసి వెలుగు ఎక్కువైందని భ్రమపడి ముఖాన్ని చీకటి చేస్తుంది. అప్పుడు కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను సరిచేసే అంకెను +0.7 వరకూ పెంచాలి. ఫోనులో అయితే ముఖం మీద వేలు నొక్కి పట్టి వెలుగును కొద్దిగా పైకి జరిపితే చాలు. అంతే గాని, చామనఛాయ పిల్లను ఫిల్టర్లతో తెల్లగా మార్చడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. నీడలో ఆ ఛాయకు వచ్చే నిగారింపు, చెంప మీది దిష్టిచుక్కతో సహా, ఉన్నది ఉన్నట్టుగా నిలవాలి.

ఆరు గంటలకు మళ్ళీ పెరట్లోకి వెళ్ళాం. పడమటి ఎండ పిల్ల వీపు మీద పడేలా మామిడిచెట్టు పక్కన నిలబెట్టి, లెన్స్‌లోకి నేరుగా ఎండ రాకుండా నేను చెట్టు మాను నీడలో నిలబడ్డాను. నా వెనక సున్నం వేసిన ఇంటి గోడ పడమటి ఎండకు వెలిగి, ఆ వెలుగును తిరిగి దాని ముఖం మీదికి పంపుతోంది. జుట్టు అంచున బంగారు గీత, ముఖం మీద గోడ ఇచ్చిన మెత్తని వెలుగు. అది పరుగు మొదలుపెట్టేసరికి కదలిక చెదరకుండా షట్టర్ వేగాన్ని సెకనులో 1/500 వంతుకి పెంచాను. ఈసారి కళ్ళు తెరవమని నేను అడగలేదు, అదే నా వైపు చూసింది.