తెల్ల గౌను, మధుపర్కాలు

మా మేనకోడలు పొద్దున పురోహితుడి ఎదుట, సాయంత్రం పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో, రెండు పద్ధతుల్లోనూ పెళ్లి చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో మతం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చర్చంతా తెల్ల గౌను మీదే నడిచింది. శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఆ తెల్లబట్ట ఏమిటని మా అమ్మ వారం రోజులు మథనపడింది.

నిజానికి ఐరోపాలో కూడా తెల్ల గౌను అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. 1558లో స్కాట్లాండ్ రాణి మేరీ పారిస్‌లో తెల్లని దుస్తుల్లో పెళ్లి చేసుకున్ననాటికి ఫ్రెంచి రాచకుటుంబంలో అది సంతాప వర్ణం. సామాన్యులైతే ఉన్నవాటిలో మంచి బట్టలు, ఏ రంగువైనా సరే, పెళ్లికి వేసుకుని ఆ తరువాత పండుగలకూ వాడుకునేవారు. ఉతకడం అంత కష్టమైన రోజుల్లో ఒక్కపూట కోసం తెల్లబట్ట కుట్టించుకోవడం కలిగినవారికే చెల్లింది. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి లండన్‌లో ఆల్బర్ట్‌ను వివాహమాడినప్పుడు, యంత్రాల పోటీకి చితికిపోతున్న డెవన్ ప్రాంతపు లేసు పనివారికి ఊతమివ్వాలని చేతితో అల్లిన హోనిటన్ లేసును, దానికి తగ్గట్టు తెల్లని శాటిన్ పట్టును ధరించింది. మన నాయకులు చేనేత కట్టి నలుగురికీ చూపించడం లాంటిదే అది కూడా. ఆ చిత్రాలు అచ్చయి ఊరూరా తిరిగిన మీదట, క్రమంగా తెలుపే పెళ్లి రంగుగా స్థిరపడింది.

అమ్మ అనుమానం చైనా వారికి బాగా అర్థమవుతుంది. అక్కడ పెళ్లికి ఎరుపు, చావుకు తెలుపు. జపాను సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడి సంప్రదాయ మతమైన షింటో పద్ధతిలో పెళ్లికూతురు తలముసుగుతో సహా నఖశిఖపర్యంతం తెల్లని షిరోముకు అనే పెళ్లి కిమోనో ధరించి, వరుడితో కలిసి మూడు గిన్నెల్లోని సాకే అనే బియ్యపు మద్యాన్ని మూడేసి గుక్కల చొప్పున సేవిస్తుంది. పుట్టింటి కూతురిగా ఆమె జీవితం అక్కడితో ముగిసిందని, ఇక మెట్టినింటి రంగు అద్దుకోవడానికి ఆ తెలుపు సిద్ధంగా ఉందని వారు చెప్పుకునే ఒక అర్థం. విందు వేళకు ఆమె రంగురంగుల కిమోనోలోకి మారుతుంది. ఈ వ్యాఖ్యానం నాకు అందంగానూ, కొంచెం కటువుగానూ తోస్తుంది.

ఇవన్నీ చెప్పినా కరగని అమ్మకు చివరికి తన పెళ్లి ఫొటోనే చూపించాను. అందులో ఆమె కట్టుకున్నది మధుపర్కం, ఎర్రంచు తెల్ల నూలుచీర. తేనె, పెరుగు, నెయ్యి కలిపి వరుడికిచ్చే మధుపర్కం పేరే ఆ సమయంలో ఇచ్చే బట్టలకూ వచ్చిందని అంటారు. వేల రూపాయల పట్టుచీరను విప్పించి, వధూవరులిద్దరికీ ఆ తెల్లని నూలుబట్టలే కట్టించి మాంగల్యధారణ జరిపించే ఇళ్లు తెలుగునాట నేటికీ ఎన్నో ఉన్నాయి.

"దానికి అంచు ఉంది, పసుపు పెడతాం కదరా" అంది అమ్మ.

పెళ్లినాటి సాయంత్రం, చర్చికి బయలుదేరబోయే ముందు, గౌను అంచును లోపలివైపుకు మడిచి, బయటికి కనబడకుండా అమ్మ ఒక చిన్న పసుపు బొట్టు పెట్టింది.